ఏటి ప్రవాహంలో సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్‌కి ఎంత బరువు కట్టాలి?

సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్‌తో, అంటే మెత్తటి ప్లాస్టిక్ ఎరతో, నదిలో గాలం వేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది రంగు గురించి. తెలుపు వేయాలా, ఆకుపచ్చా, మెరుపులున్నదా అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ లూర్ నది అడుగు తాకుతోందా? తాకుతుంటే, ఎత్తి వదిలాక మళ్లీ తాకడానికి ఎంతసేపు పడుతోంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు చేతికి తెలిసిన రోజున రంగు గురించిన టెన్షన్ సగం తగ్గిపోతుంది.

బరువును చేప సైజును బట్టో, లోతును బట్టో ఎంచుకోవాలని చాలామంది అనుకుంటారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఇప్పుడు నేను బరువును సెకన్లలో చూస్తాను. లూర్‌ని అడుగు నుంచి ఒక మూర ఎత్తి వదిలితే, మళ్లీ అడుగు తాకడానికి దాదాపు రెండు సెకన్లు పట్టాలి. సెకను తిరక్కుండానే ‘టక్’ మంటే బరువు ఎక్కువ. నాలుగు లెక్కపెట్టినా తాకకపోతే తక్కువ. ప్యాకెట్ మీద ఏ అంకె ఉన్నా, ఆ పూట ఆ నీటిలో రెండు సెకన్లు ఇచ్చే హెడ్డే (హుక్‌కి పోతపోసిన సీసం గుండు, జిగ్ హెడ్ అంటారు) సరైన హెడ్.

రెండే ఎందుకంటే, వేటాడే చేప ఎక్కువసార్లు లూర్‌ని అందుకునేది అది కిందికి జారేటప్పుడే. పైకి లేచినప్పుడు చేప చూస్తుంది, జారుతున్నప్పుడు దగ్గరికొచ్చి నోట్లోకి పీల్చుకుంటుంది. బరువెక్కువైతే దానికి ఆ వ్యవధి దొరకదు. పైగా సీసం రాళ్ల సందుల్లోకి సూటిగా దిగి కూర్చుంటుంది. బరువు తక్కువైతే లూర్ నీటి మధ్యలో కొట్టుకుపోతూ, అడుగున కాచుకున్న చేప తల మీదుగా వెళ్లిపోతుంది.

ఈ సంగతి నాకు మొదట నేర్పింది మా చిన్నాన్న. ఆయనకు సాఫ్ట్ ప్లాస్టిక్ అంటే ఏమిటో తెలియదు. చేతి దారం, వానపాము, ఓ సీసం గుండు, అంతే ఆయన సరంజామా. నా చిన్నప్పుడు దారం నా చూపుడు వేలి మీద పెట్టి, “గుండు నడుస్తోందా, కూచుందా చెప్పరా” అనేవాడు. “కూచుంది చిన్నాన్నా” అంటే పైకి లాగి, కత్తితో గుండుని కొంచెం చెక్కేవాడు. గోరంత సీసం ముక్క ఒడ్డున రాలేది. మళ్లీ వేసి మళ్లీ అడిగేవాడు. నడుస్తోంది అనేదాకా చెక్కుతూనే ఉండేవాడు. ఇప్పుడు నా బాక్సులో ఆరు సైజుల హెడ్లున్నాయి కానీ నేను చేసే పని అదే.

ముందు నీటి వడి కొలవండి

ఒడ్డుకు చేరగానే రాడ్ విప్పొద్దు. తడిసి సగం మునిగే పుల్ల ఒకటి తీసుకోండి. ఎండుటాకు వద్దు, దాన్ని గాలి తోస్తుంది. ఒడ్డు వెంట పది పెద్ద అంగలు నడిచి రెండు గుర్తులు పెట్టుకోండి, సుమారు 10 మీటర్లన్నమాట. పుల్లను పై గుర్తుకు కొంచెం ఎగువన, మీరు గాలం వేయాలనుకున్న దూరానికి విసిరి, రెండు గుర్తుల మధ్య దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. 40 సెకన్లు పడితే నిదానం నీరు, సెకనుకు పావు మీటరు. 20 పడితే మధ్యరకం, సెకనుకు అర మీటరు. పదిలోనే దాటేసిందంటే సెకనుకు మీటరు, అది గట్టి ఉరవడి.

ఈ కొలత పైనీటిది. అడుగున రాళ్లూ ఇసుకా నీటిని పట్టి ఆపుతాయి కాబట్టి కింద వడి తక్కువగా ఉంటుంది. చేప అక్కడే ఉండటానికి ఒక కారణం అదే. లూర్ పైనీటిని దాటి కిందికి చేరేదాకా కష్టపడుతుంది, చేరాక కాస్త స్థిమితపడుతుంది. అందుకే మొదటిసారి అడుగు చేరడానికి పట్టిన టైమ్ చూసి బరువు తేల్చకండి. రెండోసారి, మూడోసారి ఎత్తి వదిలినప్పటి టైమే లెక్క.

లోతు కోసం వేరే పరికరం అక్కర్లేదు. నీరు కదలని చోట, మోకాలి లోతు దాటాక ఒక హెడ్ వదిలి లెక్కపెట్టి చూసుకోండి. మూడు అంగుళాల ప్యాడిల్ టెయిల్ (తెడ్డులాంటి వెడల్పు తోక ఉన్న లూర్) తగిలించిన 5 గ్రాముల హెడ్ నిలకడ నీటిలో సెకనుకు అటూ ఇటుగా అర మీటరు దిగుతుందని నా లెక్క. మీ ప్లాస్టిక్‌తో, మీ లైన్‌తో ఒకసారి సరిచూసుకోండి. ఆ తర్వాత మీ లెక్కే మీ కొలతాడు.

రెట్టింపు బరువు, రెట్టింపు వేగం కాదు

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నేను చాలాకాలం తప్పు హెడ్లు కొనడానికి కారణం ఇది తెలియకపోవడమే.

నీటిలో కదిలే వస్తువుకు నీరు అడ్డుపడే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలు. అంటే లూర్ రెండింతల వేగంతో దిగాలంటే హెడ్ బరువు నాలుగింతలు కావాలి. 5 గ్రాములు తీసి 10 కడితే దిగే వేగం రెట్టింపు కాదు, సుమారు 40 శాతం పెరుగుతుంది, అంతే. 7 నుంచి 10కి వెళితే 20 శాతం దగ్గర.

దీని నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, హెడ్ల మధ్య తేడా గ్రాముల్లో కాదు, నిష్పత్తిలో చూసుకోవాలి. 3.5, 5, 7, 10, 14, 20 అనే వరుస చూడండి. ప్రతి అంకె ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. ఒక్కో మెట్టు ఎక్కితే లూర్ సుమారు 20 శాతం వేగంగా దిగుతుంది. చేతికి తేడా తెలిసేంత, అలాగని ఆట మొత్తం మారిపోనంత. ఈ ఆరు సైజులు చాలు. 12, 13, 14, 15 అని నాలుగు సైజులు దగ్గర పెట్టుకుంటే వాటి మధ్య తేడా చేతికి అందదు. అదే 3.5కీ 5కీ మధ్య ఉన్న గ్రామున్నర మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

రెండోది, వడి కొంచెం పెరిగితేనే బరువు బాగా పెరగాలి. నిన్న పుల్ల 20 సెకన్లలో దాటింది, ఎగువన వాన పడి ఈరోజు 14 సెకన్లలో దాటుతోంది అనుకోండి. చూడటానికి పెద్ద తేడా అనిపించదు. కానీ లైన్‌ని నెట్టే బలం రెట్టింపైంది. నిన్న 7 గ్రాములతో బాగా ఆడిన చోట ఈరోజు 14 పడుతుంది. “నిన్న పట్టిన హెడ్డే కదా, ఈరోజు చేపలు లేవు” అని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చేపలు ఉన్నాయి. లూర్ వాటి దాకా వెళ్లడం లేదు.

మొదలుపెట్టడానికి నా అంకెలు

ఇవి మూడు అంగుళాల ప్యాడిల్ టెయిల్‌కి, 0.13 మిల్లీమీటర్ల బ్రెయిడ్‌కి (పోగులు అల్లి చేసిన సన్నటి లైన్), నీటికి అడ్డంగా కొంచెం ఎగువకు విసిరినప్పటికి. నిదానం నీటిలో మీటరున్నర లోపు లోతుకి 3.5 గ్రాములు, రెండు మూడు మీటర్లకి 5. మధ్యరకం వడిలో మీటరున్నరకి 5, రెండు మూడు మీటర్లకి 7 నుంచి 10. గట్టి ఉరవడిలో మీటరున్నరకి 10, రెండు మూడు మీటర్లకి 14, అంతకు మించితే 20. ఇవి గుమ్మం దాకా తీసుకెళ్లే అంకెలు మాత్రమే. అక్కడి నుంచి సెకన్లు లెక్కపెట్టి సర్దుకోవాలి. అనుమానం వస్తే నేనెప్పుడూ తేలిక వైపు నుంచే మొదలుపెడతాను. తక్కువైతే తాకలేదని వెంటనే తెలుస్తుంది, ఒక మెట్టు పెంచుతాను. ఎక్కువైతే తెలిసేది హెడ్ రాళ్లలో ఇరుక్కుని తెగిపోయాక.

ప్యాకెట్ మీద ఔన్సులు ఉంటే తికమక పడకండి: 1/8 ఔన్సు అంటే 3.5 గ్రాములు, 3/16 అంటే 5.3, 1/4 అంటే 7, 3/8 అంటే 10.6, 1/2 అంటే 14, 3/4 అంటే 21. మన వరుసకి దాదాపు సరిపోతాయి.

ఒక సాయంత్రం, ఒకే చోట

మాటల్లో చెప్పడం కన్నా ఒకసారి జరిగింది జరిగినట్టు చెబుతాను.

నది వంపు తిరిగే చోటు. బయటి ఒడ్డు వైపు నీరు కోసుకుని లోతైంది, సుమారు రెండున్నర మీటర్లు. ఒడ్డు నుంచి ఒక చెట్టు నీళ్లలోకి పడి ఉంది, దాని కింద వడి విరిగి సన్నటి గీత ఒకటి సాగుతోంది. గీతకి ఇటు నీరు పరుగు, అటు నిలకడ. చేప నిలకడలో ఉండి పరుగులో వచ్చే ఆహారం కోసం చూసే చోటు అది. పుల్ల 18 సెకన్లలో దాటింది.

ముందు 5 గ్రాములు కట్టాను. గీతకి పై వైపు విసిరి లెక్కపెట్టాను. ఎనిమిది, తొమ్మిది... ఏమీ తాకలేదు. లైన్ విల్లులా వంగి దిగువకు వెళ్లిపోతోంది. లూర్ ఎక్కడుందో నాకు తెలియదు.

7 కట్టాను. ఏడు దగ్గర మెత్తగా ఒకసారి తాకింది. రాడ్ ఎత్తి వదిలాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, లేదు. ఒకసారి తాకింది కదా అని ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ తర్వాత లూర్ మళ్లీ అడుగు చూడనే లేదు.

10 కట్టాను. నాలుగు దగ్గర టక్. ఎత్తి వదిలితే ఒకటి అనేలోపే టక్. మళ్లీ ఎత్తితే మళ్లీ అంతే. మూడోసారి లేవలేదు. రెండు బండల మధ్య ఇరుక్కుంది. కొంచెం దిగువకు నడిచి, ఎదురు దిశ నుంచి లైన్ ఊపితే అదృష్టం కొద్దీ వచ్చేసింది.

అంటే నాకు కావాల్సింది 7కీ 10కీ మధ్యలో ఉంది. అప్పుడు హెడ్ మార్చలేదు, ప్లాస్టిక్ మార్చాను. 7 గ్రాముల హెడ్‌కే ప్యాడిల్ టెయిల్ తీసేసి, సన్నటి సూది తోక ఉన్న మూడు అంగుళాల లూర్ గుచ్చాను. వెడల్పు తోక నీటిని తోస్తూ గొడుగులా ఆపుతుంది, సన్నతోక ఆపదు. ఐదు దగ్గర తాకింది. ఎత్తాను. ఒకటి, రెండు, టక్. గులకరాయి మీద పడ్డ శబ్దం చేతికి పాకినట్టుంది. ఎత్తాను. ఒకటి, రెండు, టక్. ఎత్తాను. ఒకటి...

రెండు దగ్గర రావాల్సిన టక్ ఒకటి దగ్గరే వచ్చింది. గట్టిగా కూడా లేదు. రాయి తాకినప్పటి పొడి శబ్దం కాదది, తడిబట్ట తగిలినట్టు ఉంది. హుక్ దిగేలా రాడ్‌ని ఒక్కసారి పైకి కొట్టాను. బరువుగా ఒకసారి తల ఊపి, నేరుగా ఉరవడిలోకి లాగింది. చేతి పొడవు వాలుగ. ఒడ్డు చేర్చి, నీళ్లలోనే హుక్ తీసి వదిలేశాను.

లెక్కపెట్టే అలవాటు లేకపోతే ఆ చేప నాకు దొరికేది కాదు. తాకాల్సిన సమయం తెలిసినవాడికే ముందుగా తాకింది అని తెలుస్తుంది. అలాగే రెండు దాటి మూడు అన్నా తాకకపోతే, చేప నోట్లో పెట్టుకుని పైకి లేచి ఉండొచ్చు. అప్పుడూ కొట్టాలి. రెండు సెకన్ల లయ కుదిరాక ఆ లయ ఎక్కడ తప్పినా అనుమానించడమే.

ఎటు విసురుతున్నారు?

అదే చోట, అదే వడిలో, విసిరే దిక్కును బట్టి బరువు మారిపోతుంది. ఎగువకు విసిరితే లూర్ నీటితో పాటు మీ వైపే వస్తుంది. లైన్ మీద లాగుడు తక్కువ, కాబట్టి తేలికైన హెడ్ కూడా హాయిగా అడుగు చేరుతుంది. దిగువకు విసిరి ఎదురు లాక్కొస్తే నీరు లూర్‌ని గాలిపటంలా పైకి లేపుతుంది. అక్కడ రెండు మెట్లు బరువు కావాలి. నేను 5 గ్రాములతో ఎగువకు ఆడే చోట, దిగువకు ఆడితే 10 కడతాను.

నా ఇష్టం అడిగితే, వాలుగా ఎగువకు విసరడమే. మీరు నదికి ఎదురుగా నిలబడి ఉంటే, సూటిగా అవతలి ఒడ్డుకీ ఎగువకీ మధ్య సగం కోణంలో. లూర్ దిగడానికి టైమ్ దొరుకుతుంది, మీ ఎదురుగా వచ్చేసరికి అడుగున నడుస్తూ ఉంటుంది. ఇందులో ఒకే జాగ్రత్త: నీరు తెచ్చే వదులు లైన్‌ని రీల్‌తో చుట్టుకుంటూ ఉండాలి. కానీ లూర్‌ని లాగకూడదు. ఈ రెంటికీ తేడా చేతికి రావడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

విసిరాక రాడ్ కొన పైకెత్తి పట్టుకోండి. నీటిలో ఎంత తక్కువ లైన్ ఉంటే వడికి అంత తక్కువ పట్టు దొరుకుతుంది. గాలి బాగా వీచే రోజు మాత్రం దీనికి వ్యతిరేకం. గాల్లో ఉన్న లైన్ విల్లులా వంగుతుంది కాబట్టి రాడ్ కిందికి దించి, ఒక మెట్టు బరువు పెంచాలి.

బరువు పెంచే ముందు లైన్ చూసుకోండి

నీరు లైన్‌ని నెట్టే బలం దాని మందాన్ని బట్టి ఉంటుంది. 0.30 మిల్లీమీటర్ల నైలాన్ మీద పడే బలం 0.13 బ్రెయిడ్ మీద పడేదానికి రెట్టింపు పైనే. మందపాటి నైలాన్‌తో 14 గ్రాములు వేసి కష్టపడుతున్న ఒకరికి నా రెండో రాడ్ ఇచ్చాను, బ్రెయిడ్ మీద 7 గ్రాములు. అదే చోట అడుగు తాకింది. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. బ్రెయిడ్ సాగదు కూడా, కాబట్టి టక్ నేరుగా వేలికి వస్తుంది. అయితే రాళ్లకి ఒరుసుకుంటే తొందరగా తెగుతుంది కాబట్టి చివర ఒక మీటరు దాకా ఫ్లోరోకార్బన్ లీడర్ (బ్రెయిడ్‌కీ హెడ్‌కీ మధ్య కట్టే వేరే లైన్ ముక్క) కట్టుకోండి. అది నీటి కన్నా బరువు, మునుగుతుంది. బ్రెయిడ్ తేలుతుంది. రంగు పసుపో నారింజో ఉంటే మంచిది. చాలాసార్లు టక్ వేలికి తెలిసేలోపే లైన్ వదులవడం కంటికి కనిపిస్తుంది.

రాడ్ గురించి ఒక్క మాట. రాడ్ మీద 5–20 గ్రాములు అని రాసి ఉంటే అది హెడ్ ఒక్కదాని బరువు కాదు, హెడ్ ప్లస్ ప్లాస్టిక్. నాలుగు అంగుళాల లావు లూర్ ఒక్కటే 8, 10 గ్రాములుండొచ్చు. దానికి 14 హెడ్ కడితే హద్దు దాటేశారు. అలాగే హద్దు కిందికి పోయినా చిక్కే. రాడ్ వంగదు, లూర్ దూరం పోదు, అడుగు తెలియదు. హద్దుకి మధ్యలో పనిచేసేదే హాయి.

ప్లాస్టిక్‌లో కూడా తేడాలున్నాయి. మామూలు సాఫ్ట్ ప్లాస్టిక్ నీటి కన్నా కొద్దిగా మాత్రమే బరువు, కాబట్టి దాన్ని కిందికి దించేది హెడ్డే. ఉప్పు కలిపి పోసినవి ఇంకా వేగంగా దిగుతాయి. టీపీఈ అనే, రబ్బరులా సాగే రకంవి కొన్ని అసలు తేలుతాయి. అవి అడుగున తోక పైకెత్తి నిలబడతాయి, నిదానం నీటిలో చాలా అందంగా ఉంటుంది, కానీ వాటికి ఒక మెట్టు ఎక్కువ బరువు కావాలి. (ఆ తేలే రకాన్ని మామూలు ప్లాస్టిక్‌తో ఒకే అరలో పెట్టకండి, రెండూ కరిగి అతుక్కుంటాయి.)

అడుగు ఎలా ఉంది, గుండు ఎలా ఉండాలి

అడుగు రకం చేతికే తెలుస్తుంది. గులకరాళ్ల మీద పొడిగా టక్ మంటుంది. ఇసుక మీద శబ్దం ఉండదు, లైన్ వదులవుతుంది, అంతే. ఒండ్రులో కూరుకుని, ఎత్తేటప్పుడు ఎవరో కింద పట్టుకున్నట్టు ఒక క్షణం ఆపుతుంది. ఒండ్రు అయితే ఒక మెట్టు తగ్గించండి, లేదంటే లూర్ బురదలో దాక్కుంటుంది. పెద్ద బండలున్న చోట కూడా తగ్గించడమే నయం. రెండు సెకన్లు కాదు, అక్కడ మూడున్నా పరవాలేదు. హెడ్లు మిగులుతాయి.

గుండ్రటి హెడ్ దాదాపు ప్రతిచోటా పనికొస్తుంది, ఒక్క రకమే కొనాలంటే అదే కొనండి. అడ్డంగా వెడల్పున్న ఫుట్‌బాల్ హెడ్ సందుల్లో తొందరగా ఇరుక్కోదు, గులకరాళ్ల మీద బాగా దొర్లుతుంది. కొమ్మలు, నాచు ఉన్నచోట జిగ్ హెడ్ వదిలేసి టెక్సాస్ రిగ్ కట్టుకోవాలి: తూటా ఆకారం గుండు లైన్ మీద, హుక్ మొన ప్లాస్టిక్‌లోకి దాచిపెట్టి. గుండు విడిగా జారిపోకుండా రబ్బరు స్టాపర్‌తో బిగించండి. ప్రవాహంలో గుండు ఒక దారి, లూర్ ఒక దారి అయితే సెకన్ల లెక్కే పోతుంది. గుండుకీ హుక్‌కీ మధ్య కీలులా కదిలే చెబురష్కా అనే రకం నాకు ఇప్పుడు బాగా నచ్చుతోంది. హుక్ అలాగే ఉంచి గుండు ఒక్కటే మార్చుకోవచ్చు. మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆడేవాళ్లకి అంతకన్నా అనువైనది లేదు. లూర్ అడుగు నుంచి రెండు జానలు పైనే ఉండాలనుకుంటే డ్రాప్ షాట్ ఉంది, అంటే గుండు లైన్ చివర, హుక్ దానికి పైన. దానికి రాళ్లలో సన్నటి పెన్సిల్ గుండు, ఇసుకలో గుండ్రటిది.

సీసం, టంగ్‌స్టన్

సీసం సాంద్రత నీటికి 11 రెట్లు పైన, స్వచ్ఛమైన టంగ్‌స్టన్‌ది 19 రెట్లు. అమ్మే గుళ్లు మిశ్రమలోహం కాబట్టి కొంచెం తక్కువ. ఒకే బరువుకి టంగ్‌స్టన్ గుండు సీసం గుండులో మూడింట రెండు వంతులే ఉంటుంది. చిన్నది కాబట్టి వడికి తక్కువ దొరుకుతుంది, గట్టిది కాబట్టి రాయి తాకితే ‘టింగ్’ మని స్పష్టంగా తెలుస్తుంది. ఖరీదు మాత్రం బాగా ఎక్కువ. అందుకే నేను ఇసుక, గులక అడుగున టంగ్‌స్టన్ వాడతాను. అక్కడ పోయేవి తక్కువ. బండల్లో సీసం.

సీసం విషం. దాన్ని మింగి హంసలు చనిపోతున్నాయని ఇంగ్లండ్, వేల్స్‌లలో 1987 నుంచి 0.06 నుంచి 28.35 గ్రాముల మధ్య సీసం గుళ్ల అమ్మకం ఆపేశారు. మీరు వేటాడే నీళ్ల మీద ఏ నియమం ఉందో ముందే తెలుసుకోండి. సీసం గుండుని పళ్లతో నొక్కకండి, పట్టుకున్న చేత్తో ఏమీ తినకండి, చెక్కితే ఆ ముక్కలు ఏరి జేబులో వేసుకోండి. మా చిన్నాన్న రోజుల్లో ఇది ఎవరూ చెప్పలేదు. ఆయన చేతుల నల్లదనం నాకిప్పటికీ కళ్ల ముందుంది.

తూకం

చిన్న డిజిటల్ తూకం ఒకటి ఇంట్లో ఉంచుకోండి, పదో వంతు గ్రాము చూపించేది. ఒక సీజన్ మొత్తం నాకు 10 గ్రాముల హెడ్లతో అడుగు సరిగ్గా తెలియలేదు. నా చెయ్యే మొద్దుబారిందేమో అని దిగులు పడ్డాను. చివరికి ప్యాకెట్ మొత్తం తూకం మీద ఒక్కొక్కటే పెట్టి చూస్తే 8.1 నుంచి 9 దాకా ఉన్నాయి, పది ఒక్కటీ లేదు. కొందరు తయారీదారులు హుక్ కలిపి రాస్తారు, కొందరు సీసం ఒక్కటే. పోత పోసేటప్పుడు అచ్చు నిండకపోయినా తేడా వస్తుంది. ఇప్పుడు ప్యాకెట్ తెచ్చిన రోజే తూచి, హెడ్ మెడ మీద చెరగని మార్కర్‌తో చుక్కలు పెడతాను: 5కి ఒకటి, 7కి రెండు, 10కి మూడు. సంధ్య వేళ కళ్లు సరిగ్గా ఆనకపోయినా చుక్కలు కనిపిస్తాయి.

ఇరుక్కున్న హెడ్‌ని లాగేటప్పుడు బ్రెయిడ్ చేతికి చుట్టుకోకండి, కోసేస్తుంది. ఒక కర్రకు చుట్టి, ముఖం పక్కకు తిప్పి, రాడ్‌తో కాకుండా సూటిగా లాగండి. ఊడి వచ్చిన 14 గ్రాముల సీసం ఒడ్డుకు ఎంత వేగంతో వస్తుందో చూసినవాళ్లెవరూ కళ్లద్దాలు లేకుండా లాగరు.

ఇంటికి బయలుదేరే ముందు హెడ్‌ని విప్పి ముక్కు వైపు చూడండి. రంగు చెక్కు చెదరకుండా కొత్తగా మెరుస్తుంటే ఆ రోజంతా అది అడుగు తాకలేదు, రేపు ఒక మెట్టు పెంచండి. ముక్కు అంతా నలిగి, లోతుగా గాట్లు పడి ఉంటే బండల మీద ఈడ్చారు, ఒక మెట్టు దించండి. ముక్కు కొన దగ్గర మాత్రమే రంగు పోయి, మినపగింజంత చోట సీసం వెండిలా తెల్లగా బయటపడి ఉంటే, ఆ బరువునీ పుల్ల దాటిన సెకన్లనీ ఒక కాగితం మీద రాసి బాక్సు మూతలో పెట్టుకోండి.